బావగారి చెవులు

నాలుగు మరలూ విప్పి, వెనక అట్టను రేడియోలు బాగుచేసే వాల్వులాయన జాగ్రత్తగా గోడకు ఆనించాడు. నడుమెత్తు చెక్క రేడియో అది. ముందు గుండ్రటి డయలు, స్టేషను సరిగ్గా దొరికితే రెప్ప దించే ఆకుపచ్చ దీపపు కన్ను, లోపల బల్బుల్లాంటి ఏడు గాజు వాల్వులు, అడుగున పళ్లెమంత స్పీకరు. ఒకప్పుడు ఇలాంటివి ఆయన కొట్లో బాగు కోసం వరసగట్టి ఉండేవి. సాయంత్రాలు వీధి పొడుగునా నడిచిపోయేవాడికి వార్తల్లో ఒక్క మాటా జారిపోయేది కాదు, ప్రతి కిటికీలోంచీ అదే గొంతు.

స్పీకరు తీగల దగ్గర ఆయన వేళ్లు ఆగిపోయాయి. తీగకొసను రెండు చుట్లు తిప్పి అతికిన పని. అలా రెండు చుట్లు తిప్పేది తనొక్కడే.

ముప్పయ్యేళ్ల కిందట పాత స్పీకరులోని తీగచుట్ట, కాయిలు, కాలిపోతే, చుట్టే ఓపిక లేక, అయస్కాంతం ఉన్న కొత్త స్పీకరు బిగించేశాడు. ఆ కాయిలు స్పీకరుకు అయస్కాంతంగా పనిచేయడమే కాదు, వాల్వులకు వెళ్లే కరెంటులోని మోతనూ వడగట్టేది. దాని బదులు ఆయన పెట్టింది మోతను ఆపలేని ఒక్క రెసిస్టరు.

"ఇది గుయ్యిమంటోందని మీ బావగారు ఒకటే గొడవ, తమ్ముడూ," అంది ఇంటావిడ. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. "'ఇది మన రేడియో గొంతు కాదే' అనేవారు. 'వయసొచ్చింది మీ చెవులకి' అని నేను ఆటపట్టించేదాన్ని. చివరికి దీని ముందు కూర్చోవడమే మానేశారు. ఆయన పోయి ఆరేళ్లు. ఆ పాత గొంతు ఒక్కసారి వినాలనుంది."

నెపం రేడియో వయసు మీదకు నెట్టేయవచ్చు. ఆవిడకేం తెలుస్తుంది? వాల్వులాయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"బావగారి చెవులు బంగారమక్కా. తప్పు నాది. అడ్డదారి తొక్కాను."



"అయితే ఇన్నేళ్లూ ఆయన్ని ఉత్తపుణ్యానికి చెవిటివాణ్ణి చేశానన్నమాట," అందావిడ. "సరే, ఆ గొంతు తెప్పిస్తావా, ఇలా మొహం వేలాడేసుకుని కూర్చుంటావా?"

"తెప్పిస్తానక్కా."

ఏదీ పారేసే అలవాటు లేదు గనక పాత స్పీకరు వాల్వులాయన ఇంటి అటక మీదే ఉంది. వెంట్రుకంత తీగ, పద్నాలుగు వేల చుట్లు. ఆయన చుట్టే మర పిడి తిప్పుతుంటే భార్య వందకో సుద్దగీత గీసింది. తొమ్మిది వేల దగ్గర తీగ పుటుక్కుమంది.

"అతికిస్తే పోదూ?" అంది భార్య.

"అతుకులతోనే ఇంతదాకా వచ్చింది," అని మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాడు.

"నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశారా?"

"నువ్వెప్పుడూ తెగలేదుగా!"

నాలుగో రోజు మధ్యాహ్నం అక్కగారింట్లో ఆ స్పీకరు బిగించి స్విచ్చేశాడు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. మోత లేదు. ఎవరో వాతావరణం చెబుతున్నారు. మాట కడుపులోంచి వస్తున్నట్టు నిండుగా ఉంది.

"ఇదే," అందావిడ. "ఇదే తమ్ముడూ. ఆయన ఎంత చెప్పినా విన్నాను కాదు."

వాల్వులాయన పెట్టె లోపలి చెక్క మీద పెన్సిలుతో తేదీ వేసి, 'స్పీకరు మార్చడం నా తప్పు, కాయిలు తిరిగి చుట్టాను' అని రాశాడు. వెనక అట్ట బిగించి, రేడియోను గోడవారకు జరిపి, ఆవిడ కుర్చీని దాని ముందుకు లాగాడు.