భీమిలి ఒడ్డున మా బతుకమ్మ

అక్క కాలం చేసిన ఏడాది మా ఇంట్ల బతుకమ్మ పేర్వలే. ఈసారి పేరుద్దామంటే మమ్ముల కన్న అవ్వది ఒక్కటే పట్టు, సముద్రంల వెయ్యాలెనని. మా అవ్వ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

తప్పు మా అక్కదే. ఫోన్ల భీమిలి వీడియోలు చూసుకుంట, "మన సిద్దిపేట చెరువుల వేస్తే అవతలి కట్ట దాకనే పోతది. గాడ వేస్తే ఎంత దూరం పోతదే!" అంటుండె. జ్వరమని దవాఖానకు తీస్కపోతే మళ్ల ఇంటికి రాలే. దాని ఆ ఒక్క కోరికన్న తీర్చాలెనని అవ్వ పానం కొట్టుకున్నది.

తంగేడు, గునుగు పూలు తడిబట్టల చుట్టుకొని సికింద్రాబాద్ బస్సెక్కినం. ప్రజ్ఞాపూర్‌ల బస్సు ఆగంగనే అవ్వ కిటికీల నుంచి తల బయటవెట్టి చూసింది. లగ్గమైన కొత్తల అక్కను హైదరాబాద్ బస్సెక్కిస్తే, గీడ దిగి, ఎదురుబస్సెక్కి మళ్ల ఇంటికొచ్చేది! అత్తగారోళ్లు మంచోళ్లే. దానికి అవ్వను ఇడిచి ఉండబుద్ధి కాకపోయేది. అవ్వ నాలుగు తిట్టి, మళ్ల బస్టాండుకు తోలుకపోయేది. నేను పడి పడి నవ్వేదాన్ని.

సికింద్రాబాద్‌ల ఎక్కిన రైలు దిగి భీమిలి చేరేసరికి పొద్దెక్కింది. బతుకమ్మను మాపటికే వెయ్యాలె. అందుకని ఆటో ఆయన ఊరంత తిప్పిండు. గడియారం స్తంభం, లైట్‌హౌసు, గుట్ట మీది నరసింహస్వామి గుడి, గోస్తనీ నది సముద్రంల కలిసే జాగ, అన్నీ చూపెట్టిండు. గుడి తప్ప అవ్వకు ఒక్కటి పట్టలే. నాకు కోపమే వచ్చింది, ఇంత దూరమొచ్చి గిదేంది అని.

డచ్చోళ్ల సమాధుల కాడ మాత్రం అవ్వ ఆగింది. ఎనకట వ్యాపారానికి ఓడల మీద వచ్చి, గీడనే కాలం చేసినోళ్లట. అరిగిపోయిన రాయి మీద చెయ్యి పెట్టి, "పాపం, వీళ్ల అవ్వలకు కబురన్న అందిందో లేదో" అన్నది. నాకు దుఃఖమాగలే.

లాడ్జిల బతుకమ్మ పేర్చి, మాపటికి ఒడ్డుకు పోయినం. పడవలు ఇసుక మీదికి గుంజి పెట్టిన్రు. చేపలు ఎండేసిన వాసన. ఇద్దరమే చప్పట్లు కొట్టుకుంట చుట్టు తిరిగినం, పాడినం. "పోయి రా బిడ్డా" అని అవ్వ బతుకమ్మను నీళ్లల్ల ఇడిచింది.

రెండడుగులు పోయిందో లేదో, అల లేపి, బోర్లేసి, తెచ్చి మా కాళ్ల కాడ కొట్టింది. పూలన్నీ ఏరి మళ్ల ఇడిచినం. మళ్ల తెచ్చి పారేసింది. అయ్యో! చెరువు తెలిసినోళ్లం, మాకు అలల సంగతేమెరుక? అవ్వ ఇసుకల కూలవడి ఏడ్సింది. "బిడ్డ అలిగింది. నా చేతి పూలు వద్దంటుంది" అని.

చేపలామె ఒకామె ఉరికొచ్చింది. "ఏటమ్మా, సెరువనుకున్నారేటి? ఒడ్డున ఒదిల్తే కెరటం తెచ్చేత్తాది. మా పడవోల్లకియ్యండి. నడిసంద్రంలో ఒదిలేత్తారు."

నాకు పానం లేచొచ్చింది. అక్క కోరిక తీరినట్టే! పూలకు చెయ్యి చాపితే అవ్వ ఇయ్యలే. తడిసిన తంగేడు పూలను ఒక్కొక్కటి ఏరి కొంగుల వేసుకుంటుంది.

"వద్దమ్మా" అన్నది ఆమెతోని. "నా బిడ్డ ఎన్నిసార్లు వచ్చినా తిట్టి తోలిన. ఈసారి తోలను."

తిరిగొచ్చేటప్పుడు బస్సు ప్రజ్ఞాపూర్‌ల ఆగింది. మనుషులు దిగుతున్నరు, ఎక్కుతున్నరు. అవ్వ ఒడిల ఉన్న కొంగుమూటను రెండు చేతులతోని పట్టుకొని మెల్లగ అన్నది.

"కూసో బిడ్డా, ఇంటికే పోతున్నం."