తనిఖీ నాటి తడి

1964 వేసవి మొదట్లో నన్ను కరీంనగర్‌లోని విద్యుత్ తనిఖీ కార్యాలయంలో టెస్టింగ్ అసిస్టెంటుగా వేశారు. నా బడి చదువు ఉర్దూలో నాలుగో తరగతి. స్తంభాలెక్కే హెల్పరుగా చేరి, వైర్‌మన్ పరీక్ష ప్యాసై, ఇంగ్లీషు నిబంధనల పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి అక్కడిదాకా వచ్చాను. కరెంటు సరఫరా చేసేది ఒకరు. అది నిబంధనల ప్రకారం సాగుతోందా అని చూసేది మేము. వాళ్ల జీతం మేము తినేవాళ్లం కాదు. కరెంటు వల్ల మనిషి చనిపోతే విచారించి కారణం రాయవలసింది మా ఇన్‌స్పెక్టరు గారే.

ఆ మే నెలలో మెట్‌పల్లి అవతల ఒక ఊళ్లో అట్లాంటి చావు జరిగింది. ఊరి పేరు రాయను. గాలిదుమారానికి పదకొండు వేల వోల్టుల తీగ తెగి చేల బాట మీద పడింది. రాజయ్య అనే రైతు దాన్ని తొక్కి అక్కడికక్కడే పోయాడు. తీగ నేలను తాకగానే సబ్‌స్టేషన్‌లో రిలే అనే పరికరం కదలాలి, అది కదిలితే స్విచ్ తనంత తానే పడిపోవాలి. పడలేదు. ఊరివాళ్లు పరుగెత్తుకొచ్చి అరిచేదాకా ఆ తీగలో కరెంటు ఉంది.

డ్యూటీలో ఉన్న ఆపరేటరు ఖాజా మియాను సస్పెండు చేశారు. రిలేను దారంతో కట్టేశాడని ఆరోపణ. కొమ్మ తగిలినా స్విచ్ పడుతుంటే, లేచి మళ్లీ వేయడానికి విసుగై కొందరు అట్లా కట్టేవాళ్లు. అది అబద్ధమనను, నేనే కొన్నిచోట్ల విప్పించాను. ఇక్కడ రిలే ఉన్న బోర్డు దగ్గర ఒక సుతిలి ముక్క, అంటే నార దారం, దొరికింది. మా నివేదిక కూడా అదే చెబితే ఖాజా మియా ఉద్యోగం పోవడమే కాదు, మనిషి చావుకు కారకుడని జైలుకూ పోవాలి.

ఇన్‌స్పెక్టరు గారు కోస్తా వైపు నుంచి వచ్చిన మర్యాదస్థుడు. బయలుదేరే ముందు సరఫరా వాళ్లకు టెలిగ్రాం ఇచ్చాం. అది ఆచారం. బంగళాలో గది, భోజనం, జీపు సిద్ధం కావాలి కదా.

సబ్‌స్టేషన్ గేటు బయట ఖాజా మియా నిలబడి ఉన్నాడు. లోపలికి రానివ్వలేదు. నన్ను చూసి సలాం చేసి, "అన్నా, సుతిలి లేని సబ్‌స్టేషన్ ఏడన్న ఉంటదా? రిజిస్టరుకు పెన్సిల్ కట్టుకున్న. గంతే" అన్నాడు.

రిలేను పరీక్షించాను. బాగానే కదిలింది. తరువాత ఎర్తింగు. ఆవరణలో గుంతలు తవ్వి, బొగ్గూ ఉప్పూ నింపి, ఇనుప పైపులు పాతుతారు. తెగిన తీగ నుంచి నేలలోకి దిగిన కరెంటు ఆ పైపుల గుండానే తిరిగి స్టేషనుకు చేరాలి. నేల ఎండితే ఆ దారి మూసుకుపోయి, రిలేను కదిలించేంత కరెంటు రాదు. అందుకే వేసవిలో రోజూ గుంతల్లో నీళ్లు పోయాలని నియమం. చేత్తో తిప్పే మెగ్గరు అనే పరికరంతో, నేల కరెంటును ఎంత అడ్డుకుంటోందో కొలిచాను. రీడింగు ఎంత తక్కువ ఉండాలో అంత తక్కువే వచ్చింది. ఎర్తింగు బాగుంది, రిలే బాగుంది. ఇక మిగిలింది సుతిలి. "తేలిపోయిందండీ" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

టీ తాగుదామని గేటు దాటాను. ఖాళీ బిందెలతో ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. వాళ్లలో నర్సవ్వ అనే పెద్దామె నన్ను అడ్డగించింది.

"ఓ సారూ, ఎప్పుడు పోతరు మీరు?"

ఎందుకని అడిగాను.

"మీరొచ్చిన పొద్దల్లా మాకు నీళ్ల బండి బందే. పోయినేడు గూడ గిట్లనే చేసిండ్రు. పొద్దుగాల బండి సక్కగ లోపలికి పోయింది, గా గుంతలల్ల పోసిండ్రు. గా ఇనుప పైపులకే దూపైతదా, మాకు కాదా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మిగతా రోజుల్లో పోయరా అని అడిగాను.

"మిగిలిన దినాలల్ల పోస్తే మేం ఊకుంటమా?" అంది.

లోపలికి వెళ్లి ఆ సబ్‌స్టేషన్ చూసుకునే సూపర్‌వైజరును నిలదీశాను. అతను దాచలేదు. "ఊరోళ్లకు తాగ నీళ్లు లేవు సారూ. దినాం గుంతలల్ల పోస్తే నన్ను తంతరు. మీరొస్తుండ్రంటే ఇజ్జత్ కోసం పోసినం" అన్నాడు. తప్పు పూర్తిగా అతనిదని ఆ రోజూ అనలేదు, ఇప్పుడూ అనను. నీళ్లు లేని ఊళ్లో నీళ్లతో నడిచే ఎర్తింగు పెట్టి, ఆ నీళ్లెక్కడివని ఒక్క అధికారీ అడగలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అక్కడ.

ఇన్‌స్పెక్టరు గారితో రీడింగు చెల్లదన్నాను.

"మీరే తీశారు కదండీ!"

"నేను కొలిచింది ఇవాళ పొద్దున పోసిన నీళ్లను సార్. రాజయ్య చచ్చిపోయిన నాటి నేలను కాదు."

"చాదస్తం కాకపోతే ఏమిటండీ ఇది? రేపు ఇంకో చోట ప్రోగ్రాం ఉంది" అని ఆయన విసుక్కున్నారు. ఆ రీడింగు కాగితం మీద సంతకం పెట్టనన్నాను. కింది ఉద్యోగి అట్లా అనడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆయన ముఖం ఎర్రబడింది. అయినా న్యాయం తెలిసిన మనిషి. గుంతలు ఎండేదాకా నన్ను అక్కడే ఉండమని, చుక్క నీరు పోయవద్దని రాతపూర్వకంగా ఆదేశించి వెళ్లారు. ఆ రోజు నుంచి బండి బిందెల దగ్గరికే పోయింది.

గుంతల చుట్టూ మట్టి నెర్రెలిచ్చాక సూపర్‌వైజరు ఎదుటే మళ్లీ కొలిచాను. ముల్లు మొదటి రీడింగును దాటి చాలా దూరం పోయింది. పిడి తిప్పడం ఆపి, సరిచూసి, మళ్లీ తిప్పాను. అదే వచ్చింది. అంత ఎండిన నేలలో తీగ తెగి పడితే, దారం కట్టినా కట్టకపోయినా రిలే కదలదు. సూపర్‌వైజరు ముల్లు వైపు చూసి, "మరి మేం ఖాజా మియా మీద రాసింది?" అన్నాడు. ఆ రీడింగు కింద అతని సంతకం తీసుకున్నాను.

నివేదికలో ఇన్‌స్పెక్టరు గారు ఎర్తింగు లోపం రాశారు. ఖాజా మియా గురించి మాత్రం, రిలేను కట్టినట్లు రుజువు కాలేదు గనుక సంశయలబ్ధి, అంటే బెనిఫిట్ ఆఫ్ డౌట్, కింద వదిలివేయవచ్చునని రాశారు. సంశయం ఎక్కడుంది సార్ అని అడిగాను. సరఫరా వాళ్ల మాట పూర్తిగా తీసిపారేస్తే బాగుండదన్నారు. దాన్ని మార్పించడం నా తరం కాలేదు.

ఖాజా మియాను తిరిగి తీసుకుని ఆదిలాబాద్ జిల్లాలో ఆసిఫాబాద్ వైపు బదిలీ చేశారు. బస్సెక్కే ముందు మా ఆఫీసుకు వచ్చాడు.

"నౌకరీ ఇచ్చిండ్రు అన్నా. షక్, గా అనుమానం గూడ సంచిల పెట్టి ఇచ్చిండ్రు. ఆడికి నాకన్న ముందు గదే పోయింది. దారం మియా వస్తుండని అప్పుడే అంటున్నరట."

కూర్చోమంటే కూర్చోలేదు.

ఆ తరువాత నేను రిటైరయ్యేదాకా, నా చేతిలో ఉన్నంత మేరకు, ఎర్తింగును ఎండాకాలంలో చెప్పకుండా వెళ్లి కొలిచాను. రీడింగు పక్కన నేల తడిగా ఉందా, ఎవరు తడిపారు, ఎప్పుడు తడిపారు అన్నది రాశాను. అవి లేకపోతే పరికరం ఎంత సరైనదైనా ఆ అంకె ఎవరికీ పనికిరాదు. ఆ కేసులో సంశయం ఉండవలసింది మా కొలత మీద. మేము దాన్ని ఒక మనిషి మీద రాశాము.