ఎలిసియో అడిగిన ఎండ

జనరల్ సాంటోస్ ఊరి రేవులోని మా చేపల కోల్డ్ స్టోరేజీకి వచ్చి నార్సిసా ఎవరని అడగండి. "చొక్కాకి డబ్బా తగిలించుకుని అందరి మీదా అరుస్తుందే, ఆవిడా?" అంటారు. ఆవిడే. ఒకప్పుడు నోట్లో నాలుక లేని మనిషంటే ఇప్పుడెవరూ నమ్మరు.

అప్పట్లో ఆమె పెట్టెలకు చీటీలు అంటించేది. భర్త ఎలిసియో పెట్టెలెత్తి మోసే, గ్యాస్ బండతో నడిచే ఫోర్క్‌లిఫ్ట్ బండి తోలేవాడు. చల్లదనం పోతుందని తలుపులు బిగించేవాళ్ళం. బండి లోపలే పొగ వదులుతూ తిరిగేది. మధ్యాహ్నానికి అందరికీ తలనొప్పి. మేం దాన్ని పస్మా అనేవాళ్ళం. చలిలోంచి వేడిలోకి, వేడిలోంచి చలిలోకి పోతే వచ్చే జబ్బని పుట్టినప్పటి నుంచీ విన్నాం, ఎవరు కాదంటారు? నార్సిసా హస్తవాసి మంచిదని కణతలకు నూనె రాయించుకోవడానికి వరస కట్టేవాళ్ళం.

ఆ రోజు ఎలిసియో కూడా వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

"నార్సీ, తల పగిలిపోతోందే. ఓ పది నిమిషాలు బయట ఎండలో కూర్చుంటా."

"చలిలోంచి ఎండలోకా? పస్మా ముదురుతుంది. నూనె రాస్తా, లోపలే ఉండు."

"నువ్వు పెళ్ళానివా, డాక్టరువా?"

"రెండూనూ. పో, పని చూసుకో."

నవ్వుకుంటూ పోయాడు. గంట తర్వాత చూస్తే బండి మీదే వాలిపోయి ఉన్నాడు. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది.

పస్మా కాదు, బండి పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అన్నాడు డాక్టరు. దానికి రంగూ వాసనా ఉండవట. బయటి గాలి తగిలుంటే బతికేవాడేమో అని కూడా అన్నాడు. ఆ మాట ఆమె ముందు అనకుండా ఉండాల్సింది.

నార్సిసా ఏడాదిపాటు మేనేజరు వెంట పడితే సగం బళ్ళు కరెంటువి వచ్చాయి. మిగతా సగం కోసం ఆ డబ్బా. గాలిలో విషం చేరితే కూస్తుంది. రోజూ భోజనాలప్పుడు ఆమె బయట గోడవారన ఎండలో కూర్చుంటుంది, పక్కన ఒక మనిషికి చోటు వదిలి. అక్కడ మేమెవరం కూర్చోం.

మొన్న కొత్త డ్రైవరు రోమెల్ కణతలు పట్టుకుని వచ్చాడు.

"అక్కా, పస్మా కొట్టింది. నీ హస్తవాసి మంచిదంట కదా, కాస్త నూనె రాయవా?"

నార్సిసా మొహం పాలిపోయింది. అంతలోనే డబ్బా కూసింది.

"నూనె లేదు, గీనె లేదు! బండి ఆపండి! అందరూ బయటికి నడవండి!"

"తలుపులు తీస్తే సరుకు పాడైపోద్ది!" అని మేనేజరు గగ్గోలు పెట్టాడు.

"పాడవనీ! సముద్రంలో చేపలున్నాయి. మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెస్తావు?"

తలుపులన్నీ బార్లా తీయించింది. రోమెల్‌ను రెక్క పట్టుకుని లాక్కొచ్చి గోడవారన, ఆ ఖాళీ చోట్లోనే కూర్చోబెట్టింది. అంబులెన్సు వచ్చేలోగా అతని మొహం తేటపడింది.

"ఎండ ఎంత హాయిగా ఉందో అక్కా" అన్నాడు.

"ఉంటుంది తమ్ముడూ, కూర్చో" అంది నార్సిసా. "ఆయనా పది నిమిషాలే అడిగాడు."