రేపల్లెలో విన్న ఒకట్లు, సున్నాలు

మావారు పోయి ఏడాది కావస్తోంది. పెళ్ళికి ముందు బాపట్లలో ఆయన ఏదో కంప్యూటరు పరిశోధన చేశారని తెలుసు. ఎందుకు మానేశారని ఎప్పుడడిగినా "అదయిపోయిందిలే" అనేవారు. అప్పట్లో ఆయనతో కలిసి పనిచేసిన యేసుదాసు గారు రేపల్లెలో ఉన్నారని ఈమధ్యే తెలిసింది. ఆయన్నే అడుగుదామని మొన్న ఆదివారం ఒక్కదాన్నే బయలుదేరాను.

తెనాలిలో ఉదయం ప్యాసింజరెక్కితే గంటలో బాపట్ల. స్టేషన్ బయట ఆటో అతను "బీచికేనా అక్కా?" అన్నాడు. కాదు, కాలేజీ వెనక వీధికన్నాను. "ఆదివారం బాపట్ల దిగి బీచి వద్దన్నది మీరొక్కరేనండి!" అని నవ్వి, ఎనభై తీసుకున్నాడు. మావారు అద్దెకున్న గది చోట ఇప్పుడు మొబైల్ షాపు. షట్టరు వేసి ఉంది. అడగడానికి ఎవరూ లేరు. ఇడ్లీ తిని, చెరుకుపల్లి మీదుగా వెళ్ళే రేపల్లె బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. పక్క సీటు ఖాళీగా ఉన్నా, అలవాటుగా సంచీ ఒళ్ళోనే పెట్టుకున్నాను.

నేను ఇంటికి చేరేసరికి, రిటైరైన మాస్టారు యేసుదాసు గారు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. ఆ పరిశోధన ఏమిటని అడిగాను. "చేత్తో రాసిన అక్షరాన్ని గళ్ళలో పెట్టేవాళ్ళమమ్మా. సిరా తగిలిన గడి ఒకటి, తగలనిది సున్నా. వాడు బాపట్ల నుంచి ట్రంకాల్లో చదివితే, నేనిక్కడ రాసుకునేవాణ్ణి. అక్షరం చెడకుండా చేరిందా, కంప్యూటరు గుర్తుపడుతుందా, అదీ మా పరిశోధన."

"మరి కబుర్లో, అన్నయ్యగారూ?"

"కబుర్లా! ట్రంకాల్‌కి మూడే నిమిషాలు. బాగున్నావా అంటే ఒక వరుస పోయినట్టే."

క్యాలెండరు కాగితం వెనక గళ్ళు గీసి నాకిచ్చి, పక్క గదిలోంచి చదవసాగారు. ఒకటి, సున్నా, సున్నా, ఒకటి. వరుస అయ్యాక ఆగిపోయారు. నేనూ ఎదురుచూశాను.

"ఊ అనండమ్మా! అందిందని మీరనకపోతే రెండో వరుస ఎలా పంపేది?"

మావారు ఇంట్లో ఏది చెప్పినా మధ్యమధ్యలో ఆగేవారు. నేను ఊ కొడితేనే తర్వాతి మాట. నేను వినడం లేదని అనుమానమేమో అనుకునేదాన్ని.

ఎందుకు మానేశారని అప్పుడడిగాను. "కంప్యూటర్నే నేరుగా ఫోను లైనుకి కలిపే పెట్టె వచ్చిందమ్మా. ఇక మా గొంతులతో పనేముంది? ఆఖరి ట్రంకాల్లో పంపడానికి అక్షరాల్లేవు. మూడు నిమిషాలూ మా చేతిలోనే ఉన్నాయి. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. తర్వాత వాడు బ్యాంకులో చేరాడు."

సాయంత్రం రైలుకి తెనాలి తిరిగొచ్చాను. మీలో ఎవరైనా ఈ దారిన వెళితే రేపల్లె నుంచి ఆఖరి రైలు వేళ ముందే కనుక్కోండి, తప్పితే బస్సే దిక్కు. మావారిలా ఒకరు తక్కువగా మాట్లాడితే ఏదో దాస్తున్నారనుకుంటాం. ఆయనకు దాచడానికేమీ లేదు, మాట అవతలికి చేరిందో లేదోనన్న బెంగ తప్ప. ఇల్లు చేరాక ఫోన్ చెయ్యమన్నారు కదా అని యేసుదాసు గారికి చేశాను.

"ఇల్లు చేరానండి."

"ఊ."

"తాళం తీశాను."

"ఊ."

"లైటు వేశాను," అన్నాను. ఆగాను.