నీలగిరి చెట్ల అవతలి వెలుతురు

మా ఎదురింటి అంకుల్ పోయారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని పొద్దున్నే ఆంటీ మా గేటు దగ్గరికొచ్చి చెప్పారు. ముందురోజు నుంచీ మబ్బు పట్టి ఉంది. ఆకాశంలో చూడ్డానికేమీ లేని రోజు చూసుకుని మరీ వెళ్లారు. అంత ముందుచూపు ఆ ఒక్క విషయంలోనే చూపించారని మనవి.

అంకుల్ ఏలూరు వైపు మనిషి. ఉద్యోగం మీద వచ్చి మేడ్చల్‌లో మా కాలనీలో స్థిరపడ్డారు. ఇల్లు కట్టడానికని శామీర్‌పేట అవతల ప్లాటు కొన్నారు. కట్టింది మాత్రం పైకప్పు పక్కకు జరిగే రేకుల షెడ్డు. లోపల సిమెంటు దిమ్మె, దాని మీద ఆయన స్వయంగా అద్దం అరగదీసి చేసుకున్న టెలిస్కోపు. "వంటిల్లు ఏదండీ?" అని ఆంటీ అడిగితే, "ముందు ఆకాశం చూడవే" అన్నారట. ఆంటీ మళ్లీ అటువైపు అడుగు పెట్టలేదు.

కాలనీలో డిగ్రీ చదువుతున్నట్టు నటించే మా బృందం మాత్రం ప్రతి అమావాస్యకూ అక్కడ హాజరు. టార్చిలైటుకు ఎర్రగుడ్డ చుట్టాలన్నది అంకుల్ రాజ్యాంగం. తెల్లటి వెలుతురు పడితే, చీకటికి అలవాటైన కళ్లు మళ్లీ మొదటికొస్తాయి. ఎవడైనా అగ్గిపుల్ల గీస్తే ఆయన తిట్టేవారు కాదు. నిట్టూర్చి, "సరే, కళ్లకి మళ్లీ టైమివ్వండి" అనేవారు. కన్నతండ్రుల వల్ల కానిది ఆ నిట్టూర్పు సాధించింది. అందరం సిగరెట్లు మానేశాం.

రెండేళ్ల కిందట డిసెంబరులో తుపాను గాలి కొట్టింది. షెడ్డు రేకులు పక్క పొలంలో తేలాయి. రోడ్డువైపు వరుసగా ఉన్న నీలగిరి చెట్లు సగం కూలాయి, సగం షెడ్డు మీదికి వంగాయి. ఆంటీ తీర్పు చెప్పేశారు. "ఈసారి బాగుచేశాక చుక్కలు కనబడకపోతే ప్లాటు అమ్మేద్దామండీ. ఇక నా వల్ల కాదు."

ఆదివారాలన్నీ గొడ్డళ్లతో అక్కడే గడిపాం. "అంకుల్, గీ వంగినయి గూడ కొట్టేద్దమా? మళ్ల గాలొస్తే షెడ్డు మీదనే పడ్తయి" అన్నాడు మా దోస్తు. అంకుల్ ఒక చెట్టును తట్టి చూసి, "కొట్టేయండ్రా, ఆకాశం ఇంకాస్త పెద్దదవుతుంది" అన్నారు. ఒక్కటి మిగల్చలేదు. చుక్కలు చూసే మహానుభావులం, పనంతా పగటిపూటే చేసి, బస్సు కోసం పొద్దుగూకక ముందే వెళ్లిపోయేవాళ్లం.

అమావాస్య సాయంత్రం, మళ్లీ బిగించిన పైకప్పు జరిపాం. రోడ్డు అవతల కొత్త వెంచరు కమాను, దాని వెనక బారులు తీరిన దీపాలు నేరుగా మా కళ్లలోకి కొట్టాయి. ఇన్నాళ్లూ వాటికి అడ్డం నిలబడింది ఆ చెట్లే. ఆకాశం పాలెక్కువైన టీ రంగులో ఉంది.

"ఏందిరా గిది, పెండ్లి పందిరి లెక్కున్నది!" అన్నాడు దోస్తు. "టైమివ్వండి" అన్నారు అంకుల్. ఇచ్చాం. ఏమీ రాలేదు.

వెంచరు వాచ్‌మన్‌ను బతిమాలాం. "చీకటి జేస్తే ప్లాట్లెవరు కొంటరు సారూ? జర సమజ్ జేస్కోండ్రి" అన్నాడు. అతని మాటలో తప్పేం లేదు.

ఇంటికెళ్లి అంకుల్, "బ్రహ్మాండంగా కనబడుతున్నాయోయ్" అని ఆంటీకి చెప్పారు. ప్లాటు మిగిలింది. ఆ తర్వాత ప్రతి అమావాస్యకూ వెళ్లి, ఆ వెలుతురులోనే కూర్చుని వచ్చేవారు. ఎర్రగుడ్డ మాత్రం విప్పలేదు. మేమూ విప్పలేదు.

కర్మ అయ్యాక వచ్చిన అమావాస్యకు, "ఒక్కసారి నాకూ చూపించండ్రా" అన్నారు ఆంటీ. తీసుకెళ్లాం. నరికిన మొదళ్లు వేసిన చిగుళ్లను మేకలు మొదలంటా కొరికేశాయి. దిమ్మె పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆమె చాలాసేపు పైకి చూసి, "ఏమర్రా, ఏదీ కనబడదే?" అన్నారు.

"కళ్లకు జర టైమియ్యాలె ఆంటీ" అన్నాను.

ఆమె తలూపి మళ్లీ పైకి చూశారు. చీర అంచు మీది పూలు లెక్కపెట్టేంత వెలుతురు. ఆమె ఒళ్లో, ఎర్రగుడ్డ చుట్టిన అంకుల్ టార్చి వెలుగుతూనే ఉంది.