ఫస్టు గేరు విరగ్గొట్టింది నేనే

మా పాత చిన్న కారుకి నాలుగే గేర్లు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. అమ్మేయమని సలహా ఇచ్చేవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను: అమ్మను. నేనాడిన అబద్ధం ఆ బండిలో ఉంది. అది తుక్కులోకి పోతే నాకే హాయి. అందుకే పోనివ్వను.

మా డెల్టాలో కాలవ వంతెనలు తప్ప ఎత్తంటూ లేదు. ఖాళీ బండిని సెకండులోనే కదిలిస్తాం. అలా నడపడమే పనితనం అనుకునేవాణ్ణి. మా ఆవిడ అలా కాదు. మా మావగారు కడియం నర్సరీల మొక్కల లారీ తోలేవారు. ఆమె ఆ లారీ మీదే నేర్చుకుంది.

పదకొండేళ్ల క్రితం అన్నవరం వెళ్లాం. జగ్గంపేట దాకా ఆవిడే నడిపింది. "కొండ ఎక్కించడం నీ వల్ల కాదు" అని అక్కడ స్టీరింగు నేను తీసుకున్నాను. కొండ మలుపులో సెకండు గేరు చాలక బండి వణికిపోయింది. "ఆపి ఫస్టు వెయ్యండి" అంది. ఆపలేదు. బండి కదులుతుండగానే రాడ్డు బలంగా తోశాను. లోపల ఏదో ఫెళ్లుమంది. బండి వెనక్కి జారింది.

తర్వాత మెకానిక్ గేరుబాక్సు విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఫస్టులో ఇంజను దాదాపు నాలుగు చుట్లు తిరిగితే ఇటు చక్రాల వైపు షాఫ్టు ఒక్క చుట్టేనండి. వేగం తగ్గుద్ది, బలం పెరుగుద్ది. నాలుగోది, టాపులో చుట్టుకి చుట్టే. ఈ బండికి ఫస్టు వెయ్యాలంటే పూర్తిగా ఆపాలండి. ఇవి అరిగిన పళ్లు కావు, విరిగినవి. ఎవరు తోలారండి?"

"మా ఆవిడ" అన్నాను.

ఆవిడ నా పక్కనే ఉంది. ఇంటికొచ్చి తాళం మేకుకి తగిలించింది. మళ్లీ ముట్టుకోలేదు. నేను మాత్రం ఆ కథ బంధువులందరికీ నవ్వుతూ చెప్పుకొచ్చాను.

మొన్న నరసాపురం రేవులో కారుని పంటు ఎక్కించి గోదావరి దాటుతున్నాం. మా బావమరిది కూడా ఉన్నాడు. ముగ్గురం కారు పక్కన నిలబడ్డాం.

"ఇంకా ఈ ఇనప్పెట్టె ఏంటి బావగారూ? గేర్లు లేని బండి తీసుకోండి. అక్కకి ఎలాగూ గేర్లు పడవు కదా!"

లారీ తోలినాయన కొడుకే నా మాట నమ్మేశాడు.

"అక్కకి పడకపోవడమేంటి? ఆ రోజు ఫస్టు గేరు విరగ్గొట్టింది నేను. మెకానిక్ అడిగితే తన మీదికి తోసింది కూడా నేనే!"

చేపల బుట్ట పక్కన నిలబడ్డ ఒకామె ఇటు తిరిగింది. "కాస్త గట్టిగా చెప్పండి బాబుగారూ, పంటు మోతలో సగమే వినబడింది."

అందరూ నవ్వారు. నవ్వనివ్వండి. ఇంకా గట్టిగా మళ్లీ చెప్పాను.

మా ఆవిడ నీళ్లకేసే చూస్తోంది. "ఈ ముక్క అనడానికి పదకొండేళ్లు పట్టిందాండి?" అంది. చెయ్యి చాచింది. "తాళం ఇలా ఇవ్వండి. మీరు అటు పక్క ఎక్కండి."

పంటు అవతలి ఒడ్డుకి ఆనింది. రేవు ఏటవాలు తడిగా ఉంది. సగం ఎక్కేసరికి ముందున్న మోటార్ సైకిల్ నెమ్మదించింది. మా బండి వణకడం మొదలైంది. ఆవిడ ఆపలేదు. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసింది, వదిలి ఇంజను వేగం అందుకునేలా యాక్సిలరేటర్ ఒక్కసారి తాకింది, మళ్లీ క్లచ్ తొక్కింది. కదులుతున్న బండిలోనే ఫస్టు గేరు చప్పుడు లేకుండా పడింది. బండి గట్టెక్కేసింది.

"అక్కా, ఇదెప్పుడు నేర్చుకున్నావే?" అన్నాడు తమ్ముడు.

"నాన్న లారీలో. నువ్వు వెనక నిద్రపోయేవాడివి."

సమంగా ఉన్న రోడ్డు మీదికి రాగానే, అలవాటు కొద్దీ, "ఇంక నాకివ్వు" అన్నాను.

"మీకు గేర్లు పడవు కదండీ" అంది, టాపులోకి మారుస్తూ.