అత్తకు తగిలిన ఘాటు

దయ్యాలు, దిష్టి, చేతబడి, వీటిలో దేన్నీ నేను నమ్మలేదు. ఇది చెప్పాక కూడా నమ్మను. కాకపోతే జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

మా పుట్టిల్లు విరుదునగర్‌లో మిరపకాయల మండీల వీధి. తెల్లదొరల కాలంలో నన్ను కోవిల్‌పట్టి పక్క పల్లెకు ఇచ్చారు. ఏళ్లు గడిచినా పిల్లలు కలగలేదు. ఆ ఇంట్లో ఆవు ఈనకపోయినా నా కళ్లదే తప్పు.

మా అత్తకు రొమ్ములో రాచపుండు లేచింది. మధురలో డాక్టరు చూసి, ముదిరిపోయింది, ఇంటికి తీసుకెళ్లమన్నాడు. ఆ తర్వాత ఆమెకు వాసనలు పోయాయి. పోపు తెలియదు, ఇంగువ తెలియదు. తన పుండు వాసనా తెలియదు. అదొక్కటీ మంచిదే అనుకున్నాను, కట్టు మార్చేదాన్ని నేనే కాబట్టి.

చూడవచ్చిన ఆడబిడ్డ, సంచిలోంచి మిరపకాయలు తీసి, తల్లికి దిష్టి తీసి, వాటిని వంటింటి పొయ్యిలో వేసింది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. వంటింట్లో మేం దగ్గుతూనే ఉన్నాం. లోపలి గదిలో పడుకున్న అత్త మాత్రం తనకేమీ తెలియలేదంది.

"అమ్మకే ఘాటు తెలీలా. అంతా దీని కన్నే. దీన్ని పుట్టింటికి తోలెయ్యి" అంది ఆడబిడ్డ, తల్లి మంచం పక్కన కూర్చున్న తమ్ముడితో.

నా మొగుడు తలవంచుకుని బండి కట్టడానికి లేచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అత్త మంచం మీద లేచి కూర్చుంది.

"నా ముక్కు చచ్చిపోయుండాది. దానికి ఈ బిడ్డేం చేస్తుంది? కుంపటి ఈడికే తెండి. నేనే ఏస్తా."

నా మొగుడు కుంపటి తెచ్చి మంచం పక్కన పెట్టాడు. అత్త అదే సంచిలోంచి గుప్పెడు కాయలు తీసుకుని, తన చుట్టూ తిప్పుకుని నిప్పుల్లో వేసింది. కాయలు నల్లగా మాడాయి. పొగ గదంతా కమ్ముకుంది. మేం ముగ్గురం పక్కనే ఉన్నాం, ఒక్కరికీ దగ్గు రాలేదు. నేను వంగి పీల్చి చూశాను. ఘాటు లేదు, అసలు వాసనే లేదు. ఆడబిడ్డ నావైపు చూసింది, ఇప్పుడేమంటావన్నట్టు.

అప్పుడు అత్తకు దగ్గు తెర వచ్చింది. కళ్లూ ముక్కూ కారిపోతుంటే నవ్వింది.

"అబ్బ, ఏం ఘాటు. నాకు తెలిస్తే చాల్దా? దిష్టీ లేదు, గిష్టీ లేదు. దీన్ని తోలితే దీని ఎనకే నేనూ పోతా."

రోగికి తెలియాలన్నది ఆడబిడ్డ పెట్టిన లెక్కే. ఇక బండి కట్టలేదు.

మర్నాడు ఇంగువ ముద్ద అత్త ముక్కు దగ్గర పెట్టాను. ఏమీ తెలియలేదంది. పోయేదాకా మళ్లీ ఏ వాసనా తెలియలేదు.

నటించిందంటారా? ఆ కారిన కళ్లు నా కొంగుతో తుడిచాను. పోనీ నటించిందే అనుకుందాం, మరి మా ముగ్గురికీ ఎందుకు తెలియలేదు? మండీ వీధిలో పుట్టినదాన్ని, నాకే ఘాటు తెలియలేదు. అది దిష్టి మహిమ అని ఎవరైనా అంటే మాత్రం ఈనాటికీ పోట్లాడతాను. ముక్కు చచ్చిపోయిన మనిషికి ఒక్కసారి ఘాటు తెలిసింది, అదీ నన్ను ఇంట్లో నిలబెట్టడానికే తెలిసింది.